ఆరాధన వత్సరము - గృహప్రార్థన

సేద్యగానికి పంచాంగ మెట్టిదో కతోలిక క్రైస్తవునకు ఆరాధన వత్సర మట్టిది. విత్తునాడు కోతపని చేయువాడు లేడు. ప్రార్థనయందు మాత్రము మనము పండ్రెండు మాసములును ఒకే జపమును ఒకే గొంతుతో చెప్పి లేచిపోవుచున్నాము. గురువు నివసింపని గ్రామములలో ప్రార్థన నడపు భారము పెద్దలదే గనుక, పెద్దలారా, ఈ మాట ముందుగ మీతోనే చెప్పవలసియున్నది.

ఈ క్రమము చిత్తూరు సీమకు క్రొత్తది కాదు. 18వ శతాబ్ది ఆరంభముననే ఫ్రెంచి యేసుసభ గురువులు పుంగనూరున నివాసమేర్పరచుకొని, సన్న్యాసి వేషము ధరించి, మాంసము విడిచి బోధించిరి. అయినను పూజ లాటిను భాషయందే జరుగుచుండెను. 1963లో రెండవ వాటికను మహాసభ దేశభాషలకు తలుపు తెరచినది. ఇప్పుడు పాఠములన్నియు తెలుగున వినబడుచున్నవి. వినకపోయితిమన్న సాకు మనకు లేదు.

ఆగమన కాలము నవంబరు 30వ తేదీకి సమీపమైన ఆదివారమున మొదలగును. చెరువుకట్టపై నిలిచి ఈశాన్యపు వానకై ఆకాశము చూచువానికి ఎదురుచూపన నేమో వేరుగ బోధింపనక్కరలేదు. రాత్రి యెషయా గ్రంథమునుండి కొంచెము చదివి, కొంతసేపు మౌనముగ నుండిన చాలును. పశువులపాక అలంకరించుటలో గల ఉత్సాహము ఈ మౌనమునందు మనకు లేదు.

తపస్సు కాలమును విభూతి బుధవారము మొదలు పవిత్ర శనివారము వరకు లెక్కించిన 46 దినములగును. మరి నలువది యనుటేల? ఆదివారము ప్రభువు పునరుత్థాన దినము గనుక ఆరు ఆదివారములను ఉపవాసములలో చేర్పలేదు. నొసట నుంచు విభూతి నిరుడు మ్రానికొమ్మల ఆదివారమున ఆశీర్వదించిన ఆకులను కాల్చగా వచ్చినదే. నాడు జయధ్వానముతో ఎత్తిన కొమ్మ నేడు బూడిదయై నుదుటికి వచ్చుచున్నది.

60వ యేట ప్రవేశించినవారికి ఉపవాసము విధి కాదు. నాలుకకు ఉపవాసము ఏ వయసునకైనను తగును. కాలువనీటి వంతుకై తగవుపడి యేండ్ల తరబడి మాటలాడని పొరుగువారు ప్రక్కప్రక్కనే మోకరించి సిలువ మార్గము చేయుట మీరును చూచియుందురు. ఆ పదునాలుగు స్థలములును కాళ్లతో నడచినవే గాని మనసుతో నడచినవి కావు. పెద్దమనుష్యుడు ఈ దినములలో అట్టి తగవు నొక్కదానిని తీర్చెనా, అదియు ప్రార్థనయే. పవిత్ర శుక్రవారమున దివ్యబలిపూజ జరుగదు; ముందటి సాయంకాలపు పూజలో ప్రతిష్ఠించిన సత్ప్రసాదమునే పంచుదురు. ఆ వెలితి మనకు తెలియవలెననియే ఈ యేర్పాటు.

పాస్కా తేదీ యేటేట మారుట కొందరికి వింత. మార్చి 21వ తేదీన గాని ఆ పిమ్మట గాని వచ్చు పౌర్ణమికి తరువాతి ఆదివారమే పాస్కా. 2024లో ఫాల్గుణ పౌర్ణమి మార్చి 25, పాస్కా 31. 2025లో అది చైత్ర పౌర్ణమి పిమ్మట ఏప్రిల్ 20న వచ్చెను. సభవారి గణితము ఒక్కొక్కప్పుడు ఆకాశపు పౌర్ణమికి కొంచెము తేడాపడును గాని, పంచాంగమెరిగిన పెద్దలకిది కష్టమైన లెక్క కాదు.

తపస్సున కూడినవారు పాస్కా మరునాడే చెదరిపోవుదురు. పండుగ ఒక్కనాటిది కాదు. పెంతెకోస్తు వరకు ఏబది దినములు. ఆ తరువాత మరల సామాన్య కాలము, ఆకుపచ్చ వస్త్రములు. వేరుసెనగ విత్తి కలుపు తీయు దినములవి; రాత్రి ప్రార్థన సన్నగిల్లుటయు అప్పుడే. జపమాల యంతయు సాగనినాడు ఒక్క దశకము చెప్పి, ఆనాటి సువిశేషమును ఇంట చదువనేర్చిన పిల్లవానిచేత చదివింపుడు.