పెద్దల ఒడిలో మర సీల్ పిల్ల

డిమెన్షియా అనే మతిమరుపు వ్యాధి ఉన్న పెద్దలను ఇంట్లో చూసుకునేవారికి సాయంకాలం ఎలా గడుస్తుందో మేము చెప్పనక్కరలేదు. చీకటి పడేసరికి వారిలో కలత మొదలవుతుంది. సొంత ఇంట్లోనే తలుపు దగ్గర నిలబడి "మా ఇంటికి పోతాను" అంటారు. జపానులో ఇటువంటి వారి ఒడిలో ఒక మరబొమ్మను పెడుతున్నారట, నిజమేనా అని కొందరు మమ్మల్ని అడిగారు. నిజమే.

దాని పేరు పారో. తకనోరి షిబాతా అనే జపాను శాస్త్రజ్ఞుడు 1993లో ఈ పని మొదలుపెట్టారు. 2005లో అక్కడ అమ్మకానికి వచ్చింది. మంచు సముద్రాలలో ఉండే సీల్ అనే జంతువు పిల్ల రూపం, తెల్లని బొచ్చు. బరువు సుమారు 2.7 కిలోలు, ఇంచుమించు అప్పుడే పుట్టిన శిశువంత. కుక్కనో పిల్లినో చేయవచ్చు గదా? కానీ అవి అందరికీ తెలిసినవి. బొమ్మను చూడగానే నిజం కుక్కతో పోల్చి పెదవి విరుస్తారు. సీల్ పిల్లను ఎత్తుకున్నవారు ఎందరుంటారు?

బొచ్చు కింద ఉన్న సెన్సార్ల వలన తాకిడి, వెలుతురు, శబ్దం దానికి తెలుస్తాయి. నిమిరితే కళ్ళు ఆర్పుతుంది, తోక ఆడిస్తుంది, కూనలా కూస్తుంది. పెట్టిన పేరుతో పిలుస్తూ ఉంటే ఆ పేరుకు పలకడం నేర్చుకుంటుంది. ఛార్జింగ్ వైరు కొన పాలపీకలా ఉంటుంది, దాన్ని నోట్లో పెడతారు! 2009లో అమెరికా ప్రభుత్వం దీనిని వైద్య పరికరాల తరగతిలో చేర్చింది.

మరి మేలు ఎంత? ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 28 వృద్ధాశ్రమాలలో 415 మందితో చేసిన పరిశోధన 2017లో వెలువడింది. కొందరికి పారోను, కొందరికి కదలకుండా ఆపివేసిన అదే బొమ్మను ఇచ్చారు. మిగిలినవారికి మామూలు సేవలే. వారానికి మూడుసార్లు, 15 నిమిషాల చొప్పున, 10 వారాలు. పారోతో ఉన్నవారిలో మామూలు సేవలు పొందినవారికన్నా సంతోషం ఎక్కువగా కనబడింది. వీడియోలలో చూస్తే కలత కూడా తగ్గింది. కానీ ప్రశ్నావళితో కొలిచినప్పుడు కలతలో తేడా తేలలేదు. కదలని బొమ్మకన్నా పారోతో ఎక్కువగా మాట్లాడారు, దానివైపు ఎక్కువగా చూశారు. అయితే కదలని బొమ్మ కూడా కొంత మేలు చేసింది. పారో ఖరీదు లక్షల రూపాయలలో ఉంటుంది గనుక, మన కుటుంబాలకు ఈ చివరి మాటే ముఖ్యమని మా అభిప్రాయం.

ప్రాణం లేనిదానిని ప్రాణమున్నదని నమ్మించడం మోసం కాదా అని కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. ఆ మాటను మేము కొట్టివేయము. ఆశ్రమంలో సిబ్బందిని తగ్గించడానికో, బిడ్డలు చూడటానికి రావడం మానడానికో బొమ్మ సాకు కాకూడదు. పైగా అందరికీ ఇది నచ్చదు, "నేనేమైనా చంటిపిల్లనా?" అని కోపపడేవారున్నారు.

ఇంట్లో మెత్తని బొమ్మతో ప్రయత్నించదలచినవారు దానిని బలవంతంగా చేతిలో పెట్టవద్దు. మంచం పక్కన ఉంచి, వారే తీసుకుంటారేమో చూడండి. దానిని తమ బిడ్డ పేరుతో పిలిస్తే సరిదిద్దవద్దు, నవ్వవద్దు. ఉతకడానికి వీలైన గుడ్డబొమ్మ అయితే మంచిది. ఒకరి బొమ్మను ఇంకొకరికి ఇవ్వవద్దు, అంటురోగాల భయం ఉంటుంది. వారిని ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే బొమ్మను కూడా వెంట తెచ్చి, దాని పేరేమిటో వార్డులో నర్సమ్మకు చెప్పండి.