దొరగారి పొలంలో ఆదివారం

కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో ఇంగ్లండ్ వెళ్లిన అమ్మమ్మలకూ తాతయ్యలకూ కోటలు చూపించడం ఒక ఆనవాయితీ అయిపోయింది. రాజుగారి మంచం, రాణిగారి గౌను, గోడమీద మీసాల పెద్దమనిషి పటం. మనవడు బోర్డు చదివి చెబుతుంటే పెద్దవాళ్లు తలూపుతూ వెనకాలే నడుస్తారు. ఈ వరస తిరగబడే చోటు ఒకటుంది. అక్కడ చెప్పేది తాతయ్య, నోరు తెరుచుకుని వినేది మనవడు.

సౌతాంప్టన్‌కు తూర్పున, హ్యాంబుల్ నది ఒడ్డున, బర్సిల్డన్, బాట్లీ ఊళ్లకు దగ్గర్లో ఉన్న మేనర్ ఫామ్ అది. నదినీ అడవినీ ఆనుకున్న పార్కులో భాగం. హాంప్‌షైర్ కౌంటీ కౌన్సిల్ ఆస్తి.

మధ్యయుగాల ఇంగ్లండ్‌లో మేనర్ అంటే దొరతనం. రైతు తన చెక్కతో పాటు వారంలో కొన్ని రోజులు దొర పొలంలోనూ కూలి లేకుండా చెమటోడ్చాలి. తెలంగాణ పాఠకులకు గడీలు, వెట్టి గుర్తుకొస్తే తప్పులేదు. 1348-49 ప్లేగులో జనాభాలో మూడో వంతు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే తుడిచిపెట్టుకుపోయింది. పనిచేసే చేతులు కరువై వాటి విలువ పెరిగింది, ఆ తర్వాతి తరాల్లో అక్కడి వెట్టి సడలింది. తెలంగాణలో మాత్రం అందుకోసం 1946లో తుపాకులు పట్టాల్సి వచ్చింది.

నాకు నచ్చిందేమిటంటే, మేనర్ ఫామ్‌లో చూపించేది దొర దర్జాను కాదు, పనివాళ్ల బతుకును. పాతకాలపు వంటగదిలో బొగ్గు పొయ్యి, వెన్న చిలికే పీపా కనిపిస్తాయి. పిడి తిప్పే పీపా అయితేనేం, లోపల జరిగేది కవ్వం పనే. వెన్న ఎప్పుడు విడుతుందో, చల్లదనం ఎందుకు కావాలో అమ్మమ్మ కంటే బాగా ఏ గైడు చెబుతాడు? బండిచక్రాల పనిచోటుకు రాగానే తాతయ్య వంతు. ఇనుప పట్టాను చక్రం కంటే కాస్త చిన్నగా చేసి, ఎర్రగా కాల్చి, సాగినప్పుడు చెక్క మీదకు దించి, గుప్పున నీళ్లు పోస్తారు. పట్టా ముడుచుకుని ఆకుల్ని బిగిస్తుంది. హాంప్‌షైర్ కమ్మరిదీ మన ఊరి కమ్మరిదీ ఒకటే ఉపాయం. పందులు, కోళ్లు, మేకల సంగతి చెప్పనక్కర్లేదు, పిల్లలు వాటి దగ్గరి నుంచి కదలరు.

ఈ పొలానికి పేరు తెచ్చింది టీవీ. 2012లో ప్రసారమైన బీబీసీ సిరీస్ ‘వార్‌టైమ్ ఫామ్’ ఇక్కడే తీశారు. చరిత్రకారిణి రూత్ గుడ్‌మన్, పురావస్తు నిపుణులు అలెక్స్ లాంగ్‌లాండ్స్, పీటర్ గిన్ రెండో ప్రపంచయుద్ధం నాటి పద్ధతుల్లో సేద్యం చేసి చూపించారు. యుద్ధానికి ముందు బ్రిటన్ తినే తిండిలో సగానికి పైగా ఓడల్లో వచ్చేది. జర్మనీ జలాంతర్గాములు ఆ ఓడల్ని ముంచుతుంటే పచ్చికబయళ్లనూ దున్నక తప్పలేదు. ఏ పంట వేయాలో జిల్లా కమిటీలు ఆదేశించేవి. మాట వినని, చేతకాని రైతు చేతిలోంచి భూమి లాక్కునే అధికారం కూడా వాటికుండేది. 1940 జనవరి 8న వెన్న, చక్కెర, బేకన్‌లకు మొదలైన రేషన్ 1954 జులైలో గానీ పూర్తిగా పోలేదు. పళ్లెంలో అన్నం వదిలేసే పిల్లలకు చెప్పదగ్గ కథే, కాకపోతే అప్పుడే ఐస్‌క్రీమ్ కొనిపెట్టకండి.

మధ్యాహ్నం అడవిలోకి నడవొచ్చు. నార్మండీ దాడికి పడవలు నడిపే నావికులు శిక్షణ పొందిన రహస్య స్థావరం ‘హెచ్‌ఎంఎస్ క్రికెట్’ ఈ చెట్ల మాటునే ఉండేది. నదికీ ఓ కథ ఉంది. రాజు అయిదో హెన్రీ కట్టించిన మహానౌక ‘గ్రేస్ డ్యూ’ 1439లో పిడుగుపడి కాలిపోయింది. దాని అడుగు చెక్కలు ఇంకా ఈ నది బురదలోనే ఉన్నాయి.

ఎండ కాస్తున్నా బురదకు ఆగే బూట్లు వేసుకోండి. వేళలు రుతువును బట్టి మారతాయి, కౌన్సిల్ వెబ్‌సైట్ చూసుకుని బయల్దేరండి. జంతువులను ముట్టుకున్నాక చేతులకు జెల్ రాస్తే సరిపోదు. పిల్లలతో సబ్బు పెట్టి కడిగించాకే పులిహోర డబ్బా మూత తీయండి.