మీకు తెలుసా? గురి చూస్తే గురి తప్పే ఆట ఇది

షాట్‌గన్‌తో గాల్లో ఎగిరే పళ్ళేలను పగలగొట్టే పోటీలను మనవాళ్ళు టీవీలోనైనా చూసింది తక్కువే. రైఫిల్, పిస్టల్ పోటీలకు వచ్చిన పేరు వీటికి రాలేదు. కానీ కన్ను, ఒళ్ళు, మనసు ఒక్కసారిగా పనిచేయాల్సిన ఆటల్లో దీన్ని ముందు వరసలో నిలబెట్టాలి. నేర్చుకోవాలనుకునేవారికీ, ఊరికే తెలుసుకోవాలనుకునేవారికీ కొన్ని సంగతులు.

‘క్లే’ అని పిలిచే ఆ పళ్ళెం మట్టిది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో పెట్టెల్లోంచి నిజమైన పావురాలను వదిలి కాల్చేవారు. తర్వాత గాజు బంతులు వచ్చాయి. 1880 ప్రాంతంలో అమెరికాలోని సిన్సినాటికి చెందిన జార్జ్ లిగోవ్‌స్కీ కాల్చిన మట్టితో పళ్ళేలు చేయించాడు. అవి గట్టివి, గుళ్ళు తగిలినా ఒక పట్టాన పగిలేవి కావు. ఇప్పటి పళ్ళెం సున్నపురాయి పొడి, తారులాంటి పిచ్ కలిపి పోత పోసినది. వెడల్పు 110 మిల్లీమీటర్లు, బరువు 105 గ్రాములు. యంత్రం విసిరిన ఊపుకు తట్టుకోవాలి, రెండు మూడు సీసపు గుళ్ళు తాకితే మాత్రం పగలాలి.

ఈ తుపాకీకి వెనక గురిబిళ్ళ ఉండదు. రైఫిల్‌కు ముందొకటి, వెనకొకటి ఉంటాయి. షాట్‌గన్‌కు గొట్టం చివర చిన్న పూస మాత్రమే. మరి వెనక గురిబిళ్ళ ఏది? కాల్చేవాడి కన్నే. అందుకే చెంప ప్రతిసారీ తుపాకీ వెనక భాగమైన స్టాక్ మీద ఒకే చోట ఆనాలి. తల కాస్త పైకెత్తితే కన్ను లేస్తుంది, కన్ను లేస్తే గుళ్ళ గుంపు పళ్ళెం మీదుగా వెళ్ళిపోతుంది. కొత్తవారు పళ్ళెం పగిలిందో లేదో చూడాలన్న ఆత్రంలో కాల్చే క్షణానే తల ఎత్తేస్తారు. శిక్షకులు వెనక నిలబడి ముందుగా చూసేది ఆ చెంపనే.

పూసను చూసినవాడికి పళ్ళెం దక్కదు. ఈ ఆటకు ఇదే గుండెకాయ, కాస్త ఎక్కువసేపు ఆగి చెప్పాల్సిన మాట. ఈ ఆటలో స్కీట్ అనే ఒక రకం పోటీ ఉంది. ఆ మైదానం మధ్యలో పళ్ళెం మీకు అడ్డంగా దూసుకుపోతోందనుకోండి. దూరం సుమారు ఇరవై మీటర్లు. గుళ్ళు అక్కడికి చేరడానికి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది. ఆ కాస్తలోనే పళ్ళెం దాదాపు నాలుగడుగులు ముందుకు జరిగిపోతుంది. పళ్ళేనికే గురిపెడితే గుళ్ళు దాని వెనకనుంచి పోతాయి. కాబట్టి ముందుకు కాల్చాలి. అయితే ఆ నాలుగడుగులను కంటితో కొలవబోతే చూపు పళ్ళెం మీంచి పూస మీదికి వస్తుంది. చూపు ఆగిన చోటే చేయీ ఆగుతుంది, తుపాకీ నిలిచిపోతుంది, దెబ్బ వెనకబడుతుంది. క్రికెట్‌లో క్యాచ్ పట్టేవాడు బంతిని చూస్తాడేగాని తన అరచేతులను చూసుకోడు కదా, ఇక్కడా అంతే. చూపంతా పళ్ళెం అంచు మీద, వీలైతే దాని ముందు అంచు మీద. తుపాకీ ఓరకంటికి లీలగా కనిపిస్తే చాలు. ట్రిగ్గర్ నొక్కాక కూడా ఊపు ఆపకూడదు.

ద్రోణాచార్యుడు అర్జునుడికి పెట్టిన పరీక్షలో పక్షి చెట్టుమీద కదలకుండా ఉంది. ఇక్కడది ఎగిరిపోతోంది. తక్కినదేదీ కనబడకూడదన్న షరతు మాత్రం అదే.

రెండు కళ్ళూ తెరిచే కాల్చాలి, కానీ రెండింటిలో ఒకటి పెత్తందారు. దాన్ని కనిపెట్టడం తేలిక. రెండు చేతులూ చాచి, అరచేతులు కలిపి మధ్యలో చిన్న సందు ఉంచండి. ఆ సందులోంచి దూరంగా ఉన్న గడియారాన్నో, తలుపు గొళ్ళేన్నో చూడండి. ఒక్కో కన్ను మూసి చూస్తే, ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు ఆ వస్తువు సందులో నిలుస్తుందో అదే మీ బలమైన కన్ను. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను బలమైనదైతే తుపాకీ ఒకటి, చూపు ఒకటి అవుతాయి. కొందరు ఎడమ భుజానికి మారతారు. కొందరు కళ్ళద్దంపై ఆ కంటికి ఎదురుగా మసక టేపు చిన్న ముక్క అతికిస్తారు. ఏళ్ళ తరబడి సాధన చేసినా స్కోరు పెరగడం లేదని బాధపడేవారు ముందుగా ఈ పరీక్ష చేసుకోవాలని నా గట్టి నమ్మకం.

తుపాకీని కూడా చొక్కాలాగే కొలత తీసి అమర్చుకోవాలి. పెద్ద కాగితం మీద ఒక గుర్తు పెట్టి, రేంజిలో 16 గజాల దూరంనుంచి, గురి సరిచూసుకోకుండా, భుజానికెత్తగానే కొన్ని తూటాలు కాల్చాలి. గుళ్ళ గుంపు గుర్తుకు ఒక అంగుళం పైన పడితే, స్టాక్‌పై చెంప ఆనే భాగాన్ని అంగుళంలో పదహారో వంతు దించాలి. కింద పడితే అంతే పెంచాలి. ఈ పని అనుభవమున్నవారి దగ్గర చేయించుకోవాలి.

ఒక్క తూటాలో వందలకొద్దీ గుళ్ళు. ఒలింపిక్ పోటీల్లో తూటాకు 24 గ్రాముల సీసమే అనుమతి. ట్రాప్ అనే మరో రకం పోటీలో పళ్ళెం ముప్పై మీటర్లకు పైగా దూరంలో పగులుతుంది కాబట్టి గొట్టం కొస బిగువుగా ఉండాలి, గుళ్ళు త్వరగా చెదరకూడదు. స్కీట్‌లో దగ్గరనుంచే కాలుస్తారు, కొస వదులుగా ఉండాలి.

ట్రాప్‌లో అదృష్టానికి చోటు తక్కువ. ఎదురుగా కందకంలో 15 యంత్రాలు. ఏది విసురుతుందో కాల్చేవారికి తెలియదు. అయితే 25 పళ్ళేల్లో ఎడమకు 10, కుడికి 10, తిన్నగా 5 అందరికీ సమానంగా వస్తాయి, వరస మాత్రమే తెలియదు. అందుకే ముందే ఊహించి ఒక పక్కకు వాలేవాడు నష్టపోతాడు. చూపును ఒకచోట బిగించకుండా కందకం పైన పరిచి ఉంచి, పళ్ళెం గీతలా కాక స్పష్టంగా కనిపించాకే తుపాకీ కదపాలి.

స్కీట్‌లో పళ్ళెం మూడు సెకన్ల వరకు రాకపోవచ్చు. కాల్చేవారు పిలవగానే రావచ్చు, ఆలస్యంగానూ రావచ్చు. అంతవరకు స్టాక్ నడుము దగ్గరే ఉండాలని అంతర్జాతీయ నియమం. కాబట్టి తుపాకీ భుజానికెత్తడమే సగం విద్య. ఖాళీ అని రెండుసార్లు సరిచూసుకున్న తుపాకీతో, ఇంట్లో అద్దం ముందు నెమ్మదిగా చేసే సాధన తూటా ఖర్చు లేకుండానే ఫలితమిస్తుంది. పాదాలను పళ్ళెం వచ్చే చోటికి కాక, దాన్ని పగలగొట్టదలచిన చోటికి తిప్పి నిలబడాలి. లేదంటే నడుము మధ్యలోనే బిగుసుకుని ఊపు ఆగిపోతుంది.

కన్ను ముందు, చేయి తర్వాత. మేటి షాట్‌గన్ క్రీడాకారుల చూపును కొలిచిన ఒక పరిశోధన 2010లో వెలువడింది. గొప్పవారి చూపు పళ్ళెం మీద త్వరగా కుదురుకుంటుంది, ఎక్కువసేపు నిలుస్తుంది, తుపాకీ కదలిక కూడా పొదుపుగా ఉంటుంది. వేగంగా కదిలేవాడే గెలుస్తాడనుకునేవారికి ఇది కనువిప్పు.

1992లో ఒక మహిళ మగవాళ్ళందరినీ ఓడించింది. బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్కీట్ పోటీ స్త్రీ పురుషులకు కలిపే జరిగింది. చైనాకు చెందిన జాంగ్ షాన్ ఫైనల్‌కు ముందు 200కు 200 కొట్టి, చివరకు స్వర్ణం గెలిచింది. 1996 ఒలింపిక్స్ స్కీట్‌లో మహిళలకు చోటే లేదు. వారికి విడిగా స్కీట్ పోటీ పెట్టింది 2000లో సిడ్నీలోనే. ఆ అన్యాయం ఇప్పటికీ చివుక్కుమనిపిస్తుంది.

మనవాళ్ళ లెక్క చిన్నదేం కాదు. బికనీర్ మహారాజా కర్ణీ సింగ్ ఐదు ఒలింపిక్స్‌లో ఆడాడు, 1962 ప్రపంచ పోటీల్లో ట్రాప్ రజతం తెచ్చాడు. 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్‌లో, అంటే ఒకేసారి ఎగిరే రెండు పళ్ళేల పోటీలో, రజతం గెలిచాడు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదీ కైనన్ చెనాయ్ ట్రాప్‌లో కాంస్యం అందుకున్నాడు. అతనూ జొరావర్ సింగ్ సంధూ, పృథ్వీరాజ్ తొండైమాన్ కలిసి 375కి 361 కొట్టి జట్టు స్వర్ణం సాధించారు. ముగ్గురూ కలిపి వదిలేసినవి పద్నాలుగు.

దుమ్ము రేగినా పాయింటు రాదు. కంటికి కనిపించే ముక్క ఒక్కటైనా ఊడాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్కీట్ మిక్స్‌డ్ జట్టు కాంస్య పోరులో మహేశ్వరి చౌహాన్, అనంత్‌జీత్ సింగ్ నరుకా 43 కొట్టారు. చైనా జంట 44 కొట్టింది. కాంస్యానికీ నాలుగో స్థానానికీ మధ్య తేడా ఒక్క పళ్ళెం.