మీకు తెలుసా? పొద్దుటి రక్తం వేరు, సాయంత్రం రక్తం వేరు

పాతికేళ్ల కుర్రాడి ఒంట్లో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ పొద్దున ఉన్నంత సాయంత్రానికి ఉండదు. వయసులో ఉన్నవాళ్లలోనే ఈ తేడా ఎక్కువ. తిండి తిన్నా అంకె తగ్గుతుంది. అందుకే ఈ పరీక్షకి పొద్దున పదిలోపు, పరగడుపున రక్తం ఇవ్వాలి. తక్కువ వస్తే ఇంకో రోజు పొద్దున్నే మళ్లీ ఇవ్వాలి. రెండుసార్లూ తక్కువ వస్తేనే లెక్క. ఆఫీసు అయ్యాక దారిలో టీ, సమోసా కానిచ్చి, సాయంత్రం ఆరింటికి ల్యాబులో చెయ్యి చాపితే వచ్చే ‘లో’ని చూసి బెంగపడక్కర్లేదు. నైట్ షిఫ్టు చేసేవాళ్లు ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. వాళ్ల ఒంటికి పొద్దున ఎప్పుడో తేలాలి కదా!

ఎంతకి తగ్గితే ‘తక్కువ’? డెసిలీటరుకి 300 నానోగ్రాములకంటే తగ్గితే, అంటుంది అమెరికన్ యూరాలజికల్ అసోసియేషన్. ఎండోక్రైన్ సొసైటీ 2018లో, ఊబకాయం లేని 19 నుంచి 39 ఏళ్ల ఆరోగ్యవంతుల లెక్కలు చూసి 264 దగ్గర గీత గీసింది. 280 వచ్చినవాడు ఒక లెక్కలో రోగి, ఇంకో లెక్కలో కాడు. అందుకే అంకె ఒక్కటే చాలదు, లక్షణాలూ ఉండాలి. నీరసం, చిరాకు, మతిమరుపు వంద కారణాలతో వస్తాయి. కోరిక తగ్గడం, తెల్లవారుజామున అంగం గట్టిపడకపోవడం, గడ్డం గీసుకునే అవసరమే తగ్గిపోవడం మాత్రం డాక్టర్లు గట్టిగా పట్టించుకునే గుర్తులు. మొహమాటపడి చాలామంది వీటినే చెప్పరు.

పప్పు మాడిన వాసన మీకు తెలుస్తుందా? హార్మోన్ డాక్టరు ఈ ప్రశ్న అడిగితే వింతపడకండి. యవ్వనాన్ని మొదలుపెట్టించే మెదడు కణాలు, బిడ్డ కడుపులో ఉండగా ముక్కు దగ్గర పుట్టి, వాసన నరాల వెంట మెదడులోకి నడిచి వెళతాయి. ఆ ప్రయాణం మధ్యలో ఆగిపోతే కుర్రాడికి యవ్వనమూ సరిగా రాదు, వాసనా తెలియదు. దీన్ని కాల్‌మన్ సిండ్రోమ్ అంటారు. టెస్టోస్టెరాన్ తగ్గడానికి పుట్టుకతో వచ్చే కారణం ఇంకోటి ఉంది: మగవాడికి ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉంటే అది క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్. 1942లో అమెరికాలో దాన్ని వర్ణించారు. కారణం ఆ అదనపు ఎక్స్ అని 1959లో ఎడిన్‌బరోలో తేలింది. ఇది ఉన్నవాళ్లలో చాలామందికి జీవితాంతం ఆ సంగతే తెలియదు. తెలిస్తే, చాలావరకు పెళ్లై పిల్లలు పుట్టక పరీక్షలకి వెళ్లినప్పుడు తెలుస్తుంది.

లోపం ఎక్కడుందో పట్టిచ్చేది ఎల్‌హెచ్ అనే ఇంకో పరీక్ష. వృషణాలని పనిచేయమని పిట్యూటరీ పంపే హార్మోనే ఎల్‌హెచ్. ఎల్‌హెచ్ పెరిగి టెస్టోస్టెరాన్ తగ్గితే లోపం వృషణాల్లో ఉన్నట్టు. టెస్టోస్టెరాన్ తగ్గినా ఎల్‌హెచ్ పెరగకపోతే పైన, తలలో ఉండే పిట్యూటరీ గ్రంథి వైపు చూడాలి. అప్పుడు ప్రొలాక్టిన్ అనే ఇంకో హార్మోన్‌ని కూడా చూస్తారు. అది బాగా పెరిగి, తలనొప్పి, పక్కచూపు తగ్గడం ఉంటే పిట్యూటరీలో కణితి ఉండొచ్చు. భయపడకండి, ఈ రకం కణితులు చాలావరకు మాత్రలతోనే కరుగుతాయి.

జుట్టు కోసం బయోటిన్ మాత్రలు ఎక్కువ మోతాదులో మింగుతున్నారా? కొన్ని ల్యాబ్ మెషీన్లు దానితో తికమకపడి టెస్టోస్టెరాన్‌ని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. రక్తం ఇచ్చేముందు చెప్పండి.

రైలు కిటికీలోంచి గోడల మీద కనిపించే ‘నరాల బలహీనత’ ప్రకటనలకి పెద్ద ముత్తాతే ఉన్నాడు. 1889లో పారిస్‌లో, 72 ఏళ్ల బ్రౌన్-సెకార్ అనే పేరుమోసిన శాస్త్రవేత్త, కుక్కల, గినీ పందుల వృషణాల రసాన్ని సూదితో తనకే ఎక్కించుకుని, పడుచుతనం తిరిగొచ్చిందని సభలో చెప్పాడు. ఆ నీళ్లరసంలో హార్మోన్ దాదాపు లేనే లేదు. పనిచేసింది నమ్మకమే. అసలు టెస్టోస్టెరాన్‌ని ఎద్దు వృషణాల నుంచి వేరుచేసింది 1935లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి: టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్‌ని మగవాళ్ల గర్భనిరోధకంగా పరీక్షించారు! ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ఫలితాలు వెలువరించిన అధ్యయనంలో వారానికి 200 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే, ఆరు నెలల్లో సగానికి పైగా మగవాళ్లలో వీర్యకణాలు సున్నాకి పడిపోయాయి. బయటినుంచి హార్మోన్ వస్తే పిట్యూటరీ తన పని మానేస్తుంది, వృషణాలు కునుకు తీస్తాయి. ఆపాక చాలామందిలో కణాలు తిరిగి వస్తాయి గానీ నెలలు పడుతుంది. ‘మగతనం’ కోసమని జిమ్‌లో పొడిపించుకునే సూది తండ్రి కావడానికే అడ్డు తగులుతుందన్నమాట. పిల్లలు కావాలనుకునేవాళ్లకి వేరే మందులున్నాయి.

నిద్ర సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 2011లో షికాగోలో పదిమంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లని వారంపాటు రాత్రికి ఐదు గంటలే పడుకోనిస్తే, పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది.

పరీక్షలన్నీ బాగానే వచ్చి, ఒళ్లు మాత్రం బాగులేదంటే? ‘నీకేం లేదు, పో’ అనడం వైద్యం కాదు. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్, గురక, డిప్రెషన్ వరుసగా చూడాలి. రిపోర్టులన్నీ తేదీలవారీగా, రక్తం ఇచ్చిన టైముతో సహా ఒక ఫైల్లో పెట్టుకుని ఎండోక్రినాలజిస్టు దగ్గరికి వెళ్లండి. కారణం తేలేదాకా ఎవరు చెప్పినా సూది వేయించుకోకండి.