కాలేజీ నెట్‌వర్కులో కనిపించని రద్దీ



మన వేలూరు, గుడియాత్తం పిల్లలు చాలామంది కంప్యూటరు చదువులు చదువుతున్నారు. పరీక్ష ఫీజు కట్టే చివరి రోజున కాలేజీ కంప్యూటరులో పేజీ తెరుచుకోకపోతే అందరూ "నెట్ స్లో" అంటారు. ఆ మాట నిజమో కాదో కొలిస్తేనే తెలుస్తుంది.

1994లో ఇంగ్లాండులోని డి మాంట్‌ఫోర్ట్ విశ్వవిద్యాలయంలో వెయ్యికి పైగా కంప్యూటర్లకు ఉన్నది ఒకే ఒక 64 కిలోబిట్ల ఇంటర్నెట్ లైను. మరో ఏడాది వరకు పెద్ద లైను దొరికే వీలు లేదు. కనీసం రద్దీ ఎంత ఉందో అందరికీ తెలియాలని టోబియాస్ ఓటికర్ ఒక ప్రోగ్రాము రాశారు. అదే ఎం.ఆర్.టి.జి. అది రూటరులోని లెక్కను అయిదు నిమిషాలకొకసారి చదివి గ్రాఫు గీస్తుంది.

ఇప్పుడు పరిస్థితి మారింది. హాజరు, పరీక్షలు, గ్రంథాలయం, వీటికి వేరువేరు సర్వర్లు ఉండే బదులు ఒకే పెద్ద యంత్రంలో వర్చువల్ మెషీన్లుగా నడుస్తున్నాయి. ఒకే ఇంట్లో నాలుగు వాటాలు ఉన్నట్టన్నమాట. వాటిని కలిపే స్విచ్చి కూడా సాఫ్టువేరే.

ఇక్కడే చిక్కు ఉంది. బ్యాంకులో ఒకే బ్రాంచిలోని ఒక ఖాతా నుండి మరో ఖాతాకు ఇచ్చిన చెక్కు క్లియరింగుకు వెళ్ళదు. క్లియరింగు రిజిస్టరు మాత్రమే చూసినవారికి ఆ లావాదేవీ జరిగినట్టే తెలియదు. అలాగే ఒకే యంత్రంలోని రెండు వర్చువల్ మెషీన్ల మధ్య నడిచే సమాచారం బయటి తీగ మీదికి రాదు. తీగను కొలిస్తే ఖాళీగా కనిపిస్తుంది, లోపల మాత్రం తొక్కిసలాట.

కాబట్టి లెక్క లోపలే తీయాలి. ఓపెన్ వీస్విచ్ వంటి సాఫ్టువేరు స్విచ్చి నెట్‌ఫ్లో, ఎస్‌ఫ్లో పద్ధతుల్లో ఆ లెక్క ఇస్తుంది. నెట్‌ఫ్లో చెప్పేది ఎవరి నుండి ఎవరికి ఎంత వెళ్ళిందని మాత్రమే, ఉత్తరంలోని సంగతి కాదు. దానితోపాటు యంత్రం ప్రాసెసరు, మెమరీ, డిస్కు మీద ఎంత భారం ఉందో కూడా చూడాలి. ఒక వాటావారు నీళ్ళన్నీ తోడుకుంటే పక్కవారికి కొళాయి రాదు కదా!

సగటును చూసి మోసపోకూడదు. నెల మొత్తం సగటు తీస్తే పింఛను రోజు కౌంటరు ముందున్న క్యూ కనిపించదు. చివరి రోజు చివరి గంట లెక్కే ముఖ్యం. అది చూడకుండా పెద్ద లైను కొంటే డబ్బు ఖర్చవుతుంది, పేజీ మాత్రం అలాగే నిలిచిపోతుంది.

పిల్లలూ, దీన్ని నేర్చుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. వర్చువల్‌బాక్స్, మినినెట్, వైర్‌షార్క్, ఐపెర్ఫ్ ఉచితంగా దొరుకుతాయి. ఇంట్లోనో, కాలేజీ ల్యాబులోనో ఉన్న ఒక్క కంప్యూటరులోనే చిన్న నెట్‌వర్కు కట్టి కొలవవచ్చు. చివరి సంవత్సరం ప్రాజెక్టుకు ఇది మంచి అంశం. తల్లిదండ్రులు కూడా పిల్లలను "ఏం కొన్నావు?" అని కాక "ఏం కొలిచావు?" అని అడగాలని మనవి.