రెండు ముసలి యంత్రాల ముచ్చట

పిల్లలూ! అగ్గిపెట్టెల టెలిఫోను ఎప్పుడైనా చేశారా? రెండు ఖాళీ అగ్గిపెట్టెలకు చిల్లులు పొడిచి, మధ్య పొడుగాటి దారం కట్టి, దాన్ని బిగువుగా పట్టుకుని మాట్లాడితే అవతలివాడికి వినిపిస్తుంది. చెయ్యనివాళ్ళు ఈ ఆదివారం చేసి చూడండి. ఇద్దరూ ఒక్కసారే పెట్టెను నోటి దగ్గర పెట్టుకుంటే ఎవరికీ ఏమీ వినబడదు. ఇద్దరూ చెవి దగ్గర పెట్టుకున్నా అంతే. ఒకరి నోరు రెండోవారి చెవికి చేరాలి. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో ముందే అనుకోవాలి. ఇది గుర్తుంచుకుంటే, ఇక నేను చెప్పబోయేది మీకు సులువుగా బోధపడుతుంది.

1984లో కేంద్ర ప్రభుత్వం "క్లాస్" అనే పథకం పెట్టి, బడులకు బి.బి.సి. మైక్రో అనే కంప్యూటర్లు ఇచ్చింది. ఇంగ్లండులో 1981లో వెలువడిన యంత్రమది. నేనప్పుడు కొత్తగా చేరిన సైన్సు మాస్టరుని. మా బడికీ ఒకటి వచ్చింది. దాని జ్ఞాపకం 32 కిలోబైట్లు, అనగా సుమారు 32 వేల అక్షరాలు. మీ అమ్మగారి ఫోనులో తీసిన ఫోటో ఒక్కటి కూడా అందులో పట్టదు. అయినా దాన్ని చూడడానికి పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చేవారు.

1987లో మా తొమ్మిదో తరగతి పిల్లలు జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా, సెలవు రోజుల్లో కూడా మానకుండా, 122 రోజులు వర్షమాపకం చూసి ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో పుస్తకంలో రాశారు. ఆ అంకెలే కంప్యూటరులో ఎక్కించి కాసెట్టు మీద దాచారు. తరవాత పుస్తకాన్ని చెదలు తినేశాయి. కాసెట్టు నా బీరువాలో మిగిలింది.

ఆనాడు వాన కొలిచిన పిల్లల్లో ఒకామె ఇప్పుడు టీచరమ్మ. తన బడిపిల్లల చేత వాన కొలిపిస్తున్నది. "మాస్టారూ, మన లెక్కలు ఉన్నాయా? మా పిల్లలకు పక్కపక్కన పెట్టి చూపిస్తాను" అని అడిగింది. లేవనడానికి నాకు నోరు రాలేదు. బడిలో పాతసామాను గదినుంచి ఆ యంత్రాన్ని అడిగి తెచ్చుకున్నాను. మెకానిక్కు దాన్ని విప్పి, పాడైన భాగం మార్చి, పాత టీవీకి తగిలించి ఇచ్చాడు. (కరెంటు పెట్టెలు మీరు విప్పకండి. అది పెద్దవాళ్ళ పని.)

కాసెట్టులో అంకెలూ అక్షరాలూ కూతలుగా ఉంటాయి. సెకనుకు 1200 సార్లు ఊగే కూత సున్నా, 2400 సార్లు ఊగే కూత ఒకటి. ఆ కూతలు విని యంత్రం అక్షరాలు కూర్చుకుంటుంది. మా టేపు తిరిగినప్పుడల్లా పొడి రాలుతున్నది. రెండుసార్లు చెడి, మూడోసారికి అంతా ఎక్కింది. కాని కరెంటు పోతే యంత్రం జ్ఞాపకంలో ఉన్నదంతా పోతుంది. ఆ టేపు నాలుగోసారి పలుకుతుందన్న నమ్మకం లేదు. అంచేత వెంటనే దాన్ని ఇంకో యంత్రంలోకి చేర్చాలి.

ఆ ఇంకో యంత్రం మా ఇంట్లో మూలపడి ఉన్న 1990ల నాటి కంప్యూటరు. దాని వెనుక తొమ్మిది ముళ్ళ సాకెట్టు ఉన్నది. బి.బి.సి. మైక్రో వెనుక అయిదు చిల్లుల సాకెట్టు. మా మనవడు అయిదు తీగెలు అతికాడు. ఇతని "పంపు" తీగె అతని "అందుకో" తీగెకు, అతనిది ఇతనికి. అదే, నోరు చెవికన్నమాట. "కానీ" అనీ "ఆగు" అనీ సైగ చేసుకోవడానికి మరో రెండు. అయిదోది ఇద్దరికీ ఉమ్మడి.

కొత్త యంత్రాన్ని అచ్చుయంత్రమని నమ్మించి, "ఉన్నదంతా అచ్చువెయ్యి" అని పాతదానికి చెప్పాము. ఏమీ రాలేదు! చూస్తే, ఆ అయిదు చిల్లులూ పాచిక మీద అయిదు చుక్కల్లా ఉన్నాయి. ఎటు తిప్పి పెట్టినా ప్లగ్గు దిగుతుంది. నేను తలకిందులుగా పెట్టాను.

తిప్పి పెట్టాము. ఈసారి వచ్చాయి గాని, అన్నీ పిచ్చిగీతలే. పంపేవాడు సెకనుకు 9600 సంకేతాల వేగంతో పంపుతుంటే, అందుకునేవాడు 1200 వేగంతో వింటున్నాడు. ఒక్కొక్క అక్షరానికి ఎనిమిది సంకేతాలు; ముందు "వస్తున్నాను" అని ఒకటి, చివర "అయిపోయింది" అని ఒకటి; మొత్తం పది. అనగా సెకనుకు 960 అక్షరాలు. వినేవాడి గడియారం ఆ వేగంతో నడవకపోతే ఒక అక్షరం తోక ఇంకో అక్షరానికి తల అవుతుంది.

వేగం కలిపాము. అక్షరాలు చక్కగా వచ్చాయి గాని, అన్నీ ఒకే వరస మీద ఒకదానిమీద ఒకటి పడ్డాయి. దీనికి కారణం మీ తాతగారిని అడగండి, టైపుమిషను చూసి ఉంటారు. వరస అయిపోగానే బండిని మొదటికి నెట్టడం ఒక పని. కాగితాన్ని పైకి జరపడం ఇంకో పని. కంప్యూటర్లకు కూడా ఇవి రెండు వేరువేరు సంకేతాలు. మా పాతవాడు మొదటిది మాత్రమే పంపుతున్నాడు. రెండోది కూడా పంపమని ఆజ్ఞ ఇవ్వగానే వరసలు దిగసాగాయి.

అప్పుడు మనవడు, "తాతయ్యా, ఇంకా ఏదో తప్పున్నది. అన్నీ సున్నాలే వస్తున్నాయి!" అన్నాడు. 0, 0, 0, 3, 0, 0... నాకూ అనుమానం వేసింది. మళ్ళీ మొదటినుంచి పంపించి, రెండు ప్రతులూ వరసకు వరస పోల్చి చూశాము. ఒక్క అంకె తేడా లేదు. తీగెలో తప్పులేదు. 1987 మన దేశంలో పెద్ద అనావృష్టి సంవత్సరం. ఆ ఏడు మా చెరువులో క్రికెట్టు ఆడారు.

కంప్యూటరు ప్రోగ్రాములో మనుషుల కోసమని చిన్న వ్యాఖ్య రాసుకునే వీలున్నది. యంత్రం దాన్ని లెక్కచెయ్యదు. ఆగస్టు నెలలో ఒక సున్నా పక్కన, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు కనిపించాయి: "గరాటులో కప్ప కూచుంది. వాన లేదు."

ఫోనులో చదివి వినిపిస్తే టీచరమ్మ, "అది నేనే రాశాను మాస్టారూ!" అన్నది.