మీకు తెలుసా? మనియార్డర్ ఫారం నుంచి మాతృభాషా పోరాటం దాకా

నేటి బంగ్లాదేశ్ అప్పట్లో పాకిస్తాన్‌లో భాగం. అక్కడ ఢాకా విశ్వవిద్యాలయంలో చదివే కొడుక్కి డబ్బు పంపాలని ఓ పేద రైతు పల్లె పోస్టాఫీసుకు వెళ్తాడు. చేతికిచ్చిన మనియార్డర్ ఫారంలో ఒక్క ముక్క బెంగాలీ లేదు, అంతా ఉర్దూ! 1948 ఫిబ్రవరిలో పాకిస్తాన్ రాజ్యాంగ సభ ముందు ఈ రైతు కష్టాన్ని ఉంచినవారు సభ్యుడు ధీరేంద్రనాథ్ దత్తా.

ఆయన కోరిక చాలా చిన్నది. సభలో ఇంగ్లీషు, ఉర్దూలతో పాటు బెంగాలీలోనూ మాట్లాడనివ్వాలి, అంతే. ఉర్దూను తీసేయమనలేదు. దేశంలోని 6 కోట్ల 90 లక్షల మందిలో 4 కోట్ల 40 లక్షల మంది భాష బెంగాలీయేనని లెక్క చెప్పారు. ప్రధాని లియాఖత్ అలీ ఖాన్ గట్టిగా వ్యతిరేకించారు. సవరణ వీగిపోయింది. కానీ ఢాకా విద్యార్థులు ఊరుకోలేదు. మార్చి 11న సమ్మెకు దిగారు. 1952 ఫిబ్రవరి 21న పోలీసు కాల్పుల్లో ప్రాణాలే ఇచ్చారు. 1956 రాజ్యాంగం బెంగాలీని ఉర్దూతో సమానంగా అధికార భాషను చేసింది.

1886లో బ్రాహ్మణ్‌బారియా దగ్గరి రామ్‌రైల్‌లో పుట్టిన దత్తా, కుమిల్లాలో వకీలు. దేశ విభజన తర్వాత కూడా సొంత గడ్డను విడిచి రాలేదు. అసలైన ధైర్యం అదే. బంగ్లాదేశ్ విముక్తి పోరాటం వేళ, 1971 మార్చి 29 రాత్రి పాకిస్తాన్ సైనికులు 84 ఏళ్ల ఆ వృద్ధుణ్ణి, కొడుకు దిలీప్‌నూ ఇంట్లోంచి పట్టుకుపోయారు. ఇద్దరూ తిరిగి రాలేదు.

ఏటా ఫిబ్రవరి 21న అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం జరుపుకునేటప్పుడు దత్తా పేరు కూడా మీ పిల్లలకు చెప్పండి.